ఈ ఫ్యూషియా పూలు తల వంచుకోవు
తోటల్లో అందం కోసం పెంచే ఫ్యూషియా మొక్కల పూలన్నీ జుంకాల్లా కిందికి వేలాడతాయని ఒక వ్యాసంలో రాశారు, అది అన్నిటికీ వర్తించదు. న్యూజిలాండ్ ఉత్తర దీవిలో సముద్రం ఒడ్డున ఇసుకలో, రాళ్ల మధ్య నేల మీద పాకే ఫ్యూషియా ప్రోకంబెన్స్ అనే రకం పూలు నిటారుగా ఆకాశం వైపు చూస్తాయి. 1834లో ఆ దీవిలోని మటౌరీ బే అనే తీరం దగ్గర వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ కన్నింగ్‌హామ్ దీన్ని మొదటిసారి సేకరించారు. ఆక్లాండ్‌లో మా ఇంటి మెట్ల పక్కన కుండీలో పెంచుతున్నాను. తీగ దారంలా సన్నగా ఉంటుంది, గుండ్రటి ఆకు చిటికెన వేలి గోరంత. పువ్వుకి అసలు ఆకర్షణ పత్రాలే, అంటే రంగు రేకులే లేవు! పసుపు పచ్చటి గొట్టం, మొగ్గని కప్పి ఉంచి తర్వాత వెనక్కి మడత పడే రక్షక పత్రాలు, వాటి చివర ఊదా రంగు, అంతే. పుప్పొడి ఉండే పూలని దగ్గరికి వంగి చూస్తే అది నీలంగా కనిపిస్తుంది. మొదటిసారి వేలికి అంటుకుంటే సిరా అనుకున్నాను. ఇంకో సంగతి, అన్ని మొక్కలూ ఒకేలా పూయవు, కొన్నిటికి ఆడ పూలు మాత్రమే వస్తాయి. నా మొక్క అలాంటిదే. రెండేళ్లు విరగబూసినా ఒక్క కాయ నిలవలేదు, ఏం తప్పు చేశానా అని ఒకటే టెన్షన్. తర్వాత పక్కింటావిడ తన తీగ నుంచి ఒక కొమ్మ ఇచ్చారు, అది పుప్పొడి ఉన్న రకం. ఆ వేసవిలోనే పువ్వు కన్నా లావుగా, ఎర్రగా పళ్లు వేలాడాయి. తినొచ్చు, చప్పగా ఉంటాయి గానీ మా పాప ఒక్కటీ మిగల్చలేదు.