తెగువ ఎవరిది, ఖర్చెవరిది?

"దమ్ముంటే చర్చకు రా" అని ఒక నాయకుడు ప్రెస్‌మీట్‌లో సవాల్ విసురుతాడు. అవతలివాడు ప్రతిసవాల్. టైమూ, చోటూ కూడా చెప్పేసుకుంటారు. తెల్లారేసరికి ఇద్దరి ఇళ్ల ముందూ పోలీసు జీపులు, హౌస్ అరెస్టులు, గేటు దగ్గర తోపులాట, టీవీల్లో బ్రేకింగ్. మధ్యాహ్నానికి అంతా సద్దుమణుగుతుంది. చర్చ మాత్రం జరగదు. జరగదని సవాల్ విసిరేటప్పుడే ఇద్దరికీ తెలుసు. మన రాజకీయాల్లో దమ్ము అనే మాట ఇంత చవకైపోయింది అందుకే. దాన్ని చూపించినందుకు వాళ్లకు పైసా నష్టం లేదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లకు తప్ప.

తెగువ, బరితెగింపు రెండూ తెగడంలోంచే పుట్టాయి. తెగువలో పోయేది తనది, బరితెగింపులో పోయేది ఎదుటివాడిది. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చి, మనకే హారన్ కొట్టి, "కళ్లు కనపడట్లేదా?" అని గదమాయించేవాడికి గుండె ధైర్యం ఎక్కువేం కాదు. మనమే తప్పుకుంటామని వాడి నమ్మకం. రోజూ తప్పుకుంటూనే ఉన్నాం కదా మరి.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్ జరిగినప్పుడు, టంగుటూరి ప్రకాశం తుపాకులకు రొమ్ము చూపించిన సంగతి బడి పిల్లలకూ తెలుసు. ఆంధ్రకేసరి అన్న పేరు ఆ ఘట్టంతోనే స్థిరపడింది. నాకైతే అంతకు ఏడేళ్ల ముందు ఆయన చేసిన పని ఇంకా పెద్దదనిపిస్తుంది. 1921లో, దండిగా డబ్బు కురుస్తున్న బారిస్టరు ప్రాక్టీసును వదిలేశాడు. తుపాకీ ముందు నిలబడటానికి ఆ క్షణపు ఆవేశం తోడొస్తుంది. ఆదాయం వదులుకున్నవాడికి ఏ ఆవేశమూ తోడు రాదు, ఆ లోటు నెలనెలా తెలిసొస్తుంది.

ఇలా రోజూ ఖరీదు కట్టే తెగువకు నేను దూబగుంట ఆడవాళ్లనే తలుచుకుంటాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. వాచకంలో సారా వల్ల కాపురం కూలిన సీతమ్మ కథ ఉంది. చదివినవాళ్లకు అది తమ ఇంటి సంగతే. దూబగుంట రోశమ్మ ముందు నిలబడింది, ఊళ్లోకి సారా రాకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. తర్వాత చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని ఊరూరా సారా దుకాణాల మీదికెళ్లారు, వేలంపాటలను అడ్డుకున్నారు. కాంట్రాక్టర్లనూ, వాళ్ల వెనకున్న నాయకులనూ ఎదిరించడం ఒకెత్తు. పొద్దున ఎవరి సారా ఆపారో, రాత్రి ఆ మొగుడికే కంచంలో అన్నం వడ్డించాలి. హౌస్ అరెస్టు చేసి కాపాడటానికి ఏ పోలీసూ రాడు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దానికి మంగళం. ఎత్తేయడానికి ఖజానా లెక్క ఒక్కటి చాలింది.

ఈమధ్య రేషన్ షాపులో ఒకామెను చూశాను. వేలిముద్ర పడింది, డీలరు బియ్యం డబ్బాతో సహా కాటా మీద పెట్టాడు. "అన్నా, ఖాళీ డబ్బా పెట్టి సున్నా చూపించు, అప్పుడు పొయ్యి" అందామె. గొంతు వణుకుతోంది.

"ఏమ్మా, నీ ఒక్కదానికే వచ్చిందా డౌటు? వెనక లైనుంది, కనపడట్లేదా?" అన్నాడు.

వచ్చే నెలా ఆమె ఆ షాపుకే రావాలి, ఆ కాటా ముందే నిలబడాలి. అయినా కదల్లేదు. లైనులో పదిహేను మందిమి ఉన్నాం. ఒకాయన విసుగ్గా "కానీయమ్మా" అన్నాడు. నేను ఫోన్ చూసుకున్నాను. డీలరు గొణుక్కుంటూ డబ్బా ఖాళీ చేసి, కాటా మీద పెట్టి, సున్నా నొక్కాడు. ఆమె వెళ్లిపోయాక, తర్వాతివాళ్లకు మళ్లీ డబ్బాతో కలిపే తూచాడు. నా వంతు వచ్చినప్పుడు కూడా.