నార్కాన్ పంచితే మత్తు పెరుగుతుందా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

మేముండేది ఒహాయోలో. మా ఊళ్ళోని సర్వీస్ క్లబ్ వాళ్ళు ఒక సాయంత్రం లైబ్రరీ హాల్లో మీటింగ్ పెట్టారు. మత్తుమందు మోతాదు మించి ఓవర్‌డోస్ అయిన మనిషిని ఎలా బతికించాలో నేర్పుతామని, వచ్చిన ప్రతి కుటుంబానికీ దానికి విరుగుడైన నార్కాన్ పెట్టె ఒకటి ఉచితంగా ఇస్తామని చెప్పారు. ఆ కబురు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టిన గంటకే, దాని కింద ఓ పొడుగాటి ఫార్వర్డ్ వచ్చి పడింది. తర్వాత అదే మెసేజ్ ఇంకో మూడు గ్రూపుల్లో చూశాను. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: నార్కాన్ పంచితే మత్తుకు అలవాటుపడ్డవాళ్ళు ఇంకా ధైర్యంగా వాడతారు. మత్తు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అంటే ఒక మత్తు మాన్పించి ఇంకోటి అంటగట్టడమే. ఫెంటనిల్ అనే బలమైన మత్తుమందు వాడిన మనిషిని ముట్టుకుంటే మనమూ పోతాం. మన పిల్లలకు ఈ గొడవ లేదు, కాబట్టి వాళ్ళని ఆ మీటింగ్‌కి తీసుకెళ్ళకండి.

పంపినవాళ్ళలో నాకు బాగా కావలసినవాళ్ళున్నారు. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదని నాకు తెలుసు. కానీ ఇది నమ్మి ఒక్క ఇంటివాళ్ళు ఆ పెట్టె తెచ్చుకోవడం మానుకున్నా, దాని నష్టం ప్రాణంతోనే. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ "ధైర్యంగా వాడతారు" అన్న మాట. నార్కాన్ అంటే నలోక్సోన్ అనే మందును ముక్కులో కొట్టే స్ప్రే. ఆ మందుకు అమెరికాలో 1971 నుంచీ ఆమోదం ఉంది. హెరాయిన్, ఫెంటనిల్, ఆక్సికోడోన్ లాంటి ఓపియాయిడ్లు (నల్లమందు కోవకు చెందిన మత్తు, నొప్పి మందులు) మోతాదు మించితే మెదడు ఊపిరి తీయించడమే మర్చిపోతుంది. నలోక్సోన్ మెదడులో అవి అతుక్కున్న చోటి నుంచి వాటిని పక్కకు నెట్టి తను కూర్చుంటుంది. ఇందులో మత్తు లేదు. మత్తుకు బాగా అలవాటుపడిన మనిషైతే దీంతో లేచాక వాంతులు, వణుకు, ఒళ్ళంతా నొప్పులు. ఆ బాధను ఎవరూ కోరి తెచ్చుకోరు. పైగా ఊపిరి ఆగిపోతున్న మనిషి తనకు తాను స్ప్రే కొట్టుకోలేడు, పక్కన ఇంకొకరు ఉండాల్సిందే. ఆ పక్కనుండే మనిషి కోసమే ఈ శిక్షణ.

ఇది నా ఊహ కాదు. మసాచుసెట్స్‌లో 19 ఊళ్ళ లెక్కలు తీసి 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. ఏమీ పంచని చోట్లతో పోలిస్తే, ఎక్కువమందికి నేర్పి మందు పంచిన చోట్ల ఓవర్‌డోస్ మరణాల రేటు 46 శాతం తక్కువగా తేలింది. తక్కువమందికి నేర్పిన చోట్ల కూడా 27 శాతం తక్కువే. ఫార్వర్డ్ చెప్పినట్టు వాడకం పెరిగి ఉంటే ఓపియాయిడ్ల వల్ల ఆస్పత్రి పాలయ్యేవాళ్ళూ పెరగాలి కదా? ఆ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మన ఒహాయోలోనే, డబ్బులకు నొప్పి మాత్రలు రాసిచ్చే క్లినిక్కులతో నలిగిపోయిన పోర్ట్స్‌మత్‌లో, 2012లో ప్రాజెక్ట్ డాన్ పేరుతో ఈ పంపకం మొదలైంది. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు మన పెద్దలు. మత్తు మానాలన్నా ముందు మనిషి ఉండాలి.

అలాగని నార్కాన్ వైద్యం కాదు. దాని పని 30 నుంచి 90 నిమిషాలు, ఒంట్లో మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. కాబట్టి 911కి ఫోన్ చేయడం తప్పనిసరి. ఆ మీటింగ్‌లో ప్రాక్టీసు బొమ్మ మీద నేను చేసిన మొదటి తప్పేమిటంటే, పనిచేస్తుందో లేదో చూద్దామని గాల్లోకి నొక్కబోయాను. ఒక్కో స్ప్రేలో ఉండేది ఒక్క డోసే, అలా నొక్కితే అంతా గాల్లో పోతుంది. నేర్పుతున్న నర్సు నా చెయ్యి పట్టుకుని సరిచేసింది. రెండు వేళ్ళు గొట్టానికి అటూ ఇటూ, బొటనవేలు అడుగున, వేళ్ళు ముక్కుకు తగిలేదాకా లోపలికి పెట్టి అప్పుడు నొక్కాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండోది, ఇంకో ముక్కు రంధ్రంలో.

ఇక "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" సంగతి. మన ఇళ్ళల్లో ఇది చాలా బలంగా నాటుకుపోయిన మాట. "పది రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే అదే దిగుతుంది" అని ఆ మీటింగ్‌లోనే ఒక పెద్దాయన అన్నారు కూడా. నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ మాటకే. కొన్నాళ్ళు మానేసిన ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. మళ్ళీ అంతే తీసుకుంటే ప్రాణం పోతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ళ నుంచి విడుదలైనవాళ్ళ వివరాలు 2007లో ప్రచురించారు. మిగతా జనంతో పోలిస్తే, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం వాళ్ళకి 129 రెట్లు.

డాక్టరు చూసి ఇచ్చే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ చేసే పని వేరు. మోతాదు కుదిరాక మనిషి తూగడు. తెల్లారి లేచి ఉద్యోగానికి వెళ్తాడు, మత్తు కోసం తహతహ ఉండదు. ఒకసారి ఓవర్‌డోస్ అయి బతికినవాళ్ళ మీద మసాచుసెట్స్‌లోనే చేసిన ఇంకో పరిశీలన 2018లో వచ్చింది. ఏ మందూ తీసుకోనివాళ్ళతో పోలిస్తే, తర్వాతి ఏడాదిలో మెథడోన్ తీసుకున్నవాళ్ళలో ఓపియాయిడ్ల వల్ల మరణాలు 59 శాతం, బ్యుప్రెనార్ఫిన్ తీసుకున్నవాళ్ళలో 38 శాతం తక్కువ. పూర్వం బ్యుప్రెనార్ఫిన్ రాయాలంటే డాక్టరుకు ప్రత్యేక అనుమతి కావాలి. 2022 చివర్లో చట్టం మార్చి ఆ అడ్డు తీసేశారు. మీ ఫ్యామిలీ డాక్టరునే అడగొచ్చు.

ముట్టుకుంటే పోతామన్నది వట్టి భయం. ఫెంటనిల్ పొడి చర్మానికి తగిలినంత మాత్రాన ఓవర్‌డోస్ అయ్యే అవకాశం దాదాపు లేదని అమెరికా టాక్సికాలజీ డాక్టర్ల సంఘాలు 2017లోనే రాతపూర్వకంగా చెప్పాయి. గ్లవ్స్ ఉంటే వేసుకోండి, లేవని మాత్రం ఆగకండి.

చివరిది, "మన పిల్లలకు ఈ గొడవ లేదు." మా అబ్బాయికి జ్ఞానదంతాలు తీసినప్పుడు డెంటిస్టు 20 హైడ్రోకోడోన్ మాత్రలు రాశారు, అదీ ఓపియాయిడ్ నొప్పి మందే. వాడు వేసుకున్నవి రెండు. మిగతా 18 మా వంటింటి సొరుగులో, జీలకర్ర డబ్బా వెనక, మూడేళ్ళు ఉన్నాయి. హైస్కూల్ పిల్లలు రోజూ వచ్చిపోయే ఇల్లు మాది. ఆ మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా వాటిని లెక్కపెట్టలేదు. ఈ ఓపియాయిడ్ల విపత్తు మొదలైంది కూడా వీధి చివర కాదు, డాక్టరు చీటీతోనే. 1996లో ఆక్సికాంటిన్ అనే ఆక్సికోడోన్ నొప్పి మాత్ర వచ్చింది. దానికి అలవాటుపడే ప్రమాదం తక్కువని తప్పుదోవ పట్టించినందుకు దాన్ని తయారుచేసిన పర్డ్యూ కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. 2020లో వేరే ఫెడరల్ కేసులో మళ్ళీ నేరం ఒప్పుకుంది.

ఇప్పుడైతే అసలు మాత్రల్లాగే కనపడే నకిలీవి ఫోన్‌లో ఆర్డరిస్తే దొరుకుతున్నాయి. పట్టుబడిన ఫెంటనిల్ కలిసిన నకిలీ మాత్రల్లో పదికి ఏడింటిలో ప్రాణం తీయగలిగినంత ఫెంటనిల్ ఉందని ఫెడరల్ డ్రగ్ ఏజెన్సీ డీఈఏ 2023లో ప్రకటించింది. పరీక్షల టెన్షన్‌లో, నిద్ర పట్టడం లేదని స్నేహితుడిచ్చిన ఒక్క మాత్ర వేసుకునే పిల్లవాడికి ఫెంటనిల్ పేరు కూడా తెలియదు. వాడు వ్యసనపరుడు కానక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఇలాంటిది జరిగితే పరువు పోతుందని నలుగురికీ చెప్పుకోం, అందుకే "మనవాళ్ళలో లేదు" అనిపిస్తుంది.

నేను మా అబ్బాయిని తీసుకునే వెళ్ళాను. వాడు నాకంటే ముందే నేర్చుకున్నాడు. మర్నాడు ఆ 18 మాత్రలూ పోలీస్ స్టేషన్‌లో ఉన్న డ్రాప్ బాక్సులో వేసి వచ్చాం. ఖాళీ అయిన ఆ చోట ఇప్పుడు నార్కాన్ పెట్టె ఉంది. ఇంటికి వచ్చే పిల్లలందరికీ అది ఎక్కడుందో చూపించాడు. మీటింగ్‌కి రాలేకపోయినవాళ్ళు మీ కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంటును అడగండి, చాలాచోట్ల ఉచితంగా ఇస్తారు. 2023 నుంచి చీటీ లేకుండానే ఫార్మసీలో కూడా దొరుకుతుంది, అప్పట్లో రెండు డోసుల పెట్టె దాదాపు 45 డాలర్లు ఉండేది.