రాజుగారి పేరు సరే, వరద ఏ ఏడు వచ్చింది?

లేని లోకాన్ని ఊహించమంటే మనవాళ్లకి ముందు తట్టేది రాజు, కోట, ఆ తర్వాత యుద్ధం. 2015లో వచ్చిన బాహుబలి మొదటి భాగమే చూడండి, జలపాతం కింద నది పక్కన ఒక గూడెం ఉంటుంది, హీరోని పెంచింది వాళ్లే, కానీ వాళ్ల ఇంట్లో ఏం వండుకుంటారో మనకి ఒక్క ముక్క తెలీదు. దండెత్తి వచ్చిన కాలకేయులకి మాత్రం కిలికి అని ఏకంగా భాషే తయారుచేశారు. సినిమా నాకు నచ్చింది, మూడుసార్లు చూశా, అది వేరే విషయం.

నది లోయ జనాన్ని ఎవరైనా కొత్తగా కల్పించాలంటే నేనైతే పొయ్యి దగ్గర మొదలుపెట్టమంటా. పాపికొండల్లో కొండరెడ్లనే గిరిజనులు ఉన్నారు కదా, 1940ల్లోనే హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వచ్చి వాళ్ల మధ్య తిరిగి పుస్తకం రాశాడు. వాళ్లు మామిడిపండు తిని టెంక పారేయరు, ఎండబెట్టి పగలగొట్టి లోపలి జీడి తీసి, వగరు పోయేదాకా నీళ్లలో ఉంచి, పిండి చేసి జావ కాచుకుంటారు, తిండికి కటకటగా ఉన్న రోజుల్లో అదే ఆధారం. జీలుగు చెట్టు కూడా ఒక్క కల్లుకే కాదు, మరీ కరువొస్తే మాను కొట్టి లోపలి గుజ్జు దంచి పిండి తీసేవాళ్లు. ఇది తెలిశాక మామిడి పండగ చెయ్యకుండా కొత్త కాయ ఎందుకు ముట్టరో వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు అడవిలో ఉంటే వింత భాషే మాట్లాడాలని రూలేం లేదు, వీళ్ల మాతృభాష తెలుగే.

చరిత్ర సంగతీ అంతే. గోదారి ఒడ్డున ఏ రాజు ఎప్పుడు ఏలాడో అడిగితే బుర్ర గోక్కుంటారు గానీ 86 వరద అనండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ చూపిస్తారు. అప్పుడు భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. 43కి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, మనకి ఇవి టీవీలో స్క్రోలింగ్, అక్కడ మాత్రం బియ్యం బస్తా ఎప్పుడు అటక ఎక్కించాలో చెప్పే లెక్క.

మరి లోయే మునిగితే? పోలవరం పూర్తి నీటిమట్టం 150 అడుగులు, అంతదాకా నింపకముందే కాఫర్ డ్యామ్ (అసలు డ్యామ్ కట్టేందుకు ముందు వేసే తాత్కాలిక కట్ట) వెనక నీళ్లకి దేవీపట్నం మండలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇంటికి లెక్క కట్టారు, పొలానికి కట్టారు. ఎవరి పేరునా లేని ఆ అడవి మామిడిని ఏ ఖాతాలో రాస్తారు?