నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఇంటిపేరు

ఇంగ్లండులో ఉండే ఒక క్లయింటుతో ఫోన్ మీటింగులో మొదటిసారి మాట్లాడాల్సి వచ్చింది. ముందురోజు రాత్రే ఆయన ఇంటిపేరు కాగితం మీద రాసుకుని, కొత్త మంత్రం నేర్చుకునే పురోహితుడిలా ముక్కలు ముక్కలుగా విడగొట్టి 'ఫెదర్, స్టోన్, హాఫ్' అని పదిసార్లు వల్లె వేశాను. ఇంగ్లీషులో Featherstonehaugh, పదిహేడు అక్షరాలు. ఎఫ్‌తో మొదలై హెచ్‌తో ముగుస్తుంది, దారి మధ్యలో ఇంకో రెండు హెచ్‌లు తగులుతాయి. మర్నాడు ఒక్క అక్షరం కూడా మింగకుండా మొత్తం పలికాను. అటు వైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత చాలా మర్యాదగా "ఫాన్‌షా" అని వినిపించింది. లైన్లోకి ఇంకెవరో వచ్చారనుకుని "గుడ్ మార్నింగ్ ఫాన్‌షా గారూ" అని ఆయనకు కూడా ఒక నమస్కారం పెట్టాను.

ఇద్దరూ ఒకరేనని తేలడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆయన నా పేరు అడిగాడు. చెప్పాను. స్పెల్లింగ్ అడిగాడు. అదీ చెప్పాను. "మరీ పొడుగ్గా ఉంది, నిన్ను 'వి' అని పిలవనా?" అన్నాడు.

పదిహేడు అక్షరాలు రాసి రెండే పలికే మనిషి, రాసిందంతా పలికే నా పేరును ఒక్క పొడి అక్షరానికి దించేశాడు. దీనికి నేను కోపం తెచ్చుకోలేదు. కోపం వేరు, పరిశోధన వేరు. ఆ రోజు నుంచి ఆఫీసు పనిని పక్కన పెట్టి, ఆఫీసు టైములోనే, ఈ ఇంటిపేరు పూర్వాపరాలు తవ్వాను. తేలిన విషయాలు లోకహితం కోరి సమర్పిస్తున్నాను.

ఇంగ్లండు ఉత్తర కొసన, స్కాట్లండు సరిహద్దును ఆనుకుని నార్తంబర్లాండ్ ఉంది. అక్కడ హాల్ట్‌విజిల్ అనే ఊరికి దగ్గర్లో సౌత్ టైన్ అనే ఏరు, ఆ ఏటి వారన ఫెదర్‌స్టోన్ కోట. ఈ ఇంటిపేరు వాళ్ల మూలస్థానం అదే. ఫెదర్ అంటే ఈక, స్టోన్ అంటే రాయి అని కాన్వెంటులో చదివినవాళ్లు 'ఈకరాయి వారు' అనేసుకుంటారు. కాదట. ఇక్కడి 'ఫెదర్' పాత ఇంగ్లీషు మాట, దానర్థం నాలుగు. మూడు రాళ్లు నిలబెట్టి పైన నాలుగో బండ కప్పిన పాతకాలపు కట్టడం ఏదో అక్కడ ఉండేదని పండితులు చెబుతారు. మన తెలంగాణ గుట్టల మీద రాకాసి గుళ్లు అంటారే, ఆ జాతిది. ఇక నేను 'హాఫ్' అని భంగపడిన తోక ముక్క 'హా'. అంటే ఏటి పక్కనుండే చదును నేల. వెరసి, ఏటి ఒడ్డు నాలుగురాళ్ల వారు.

మన దగ్గరైతే 'రాళ్లపల్లి వారు' అని నాలుగక్షరాల్లో తేల్చేసి భోజనాలకు లేచేవాళ్లం. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకేం వింత కాదు. కానీ తరతరాలుగా ఇంటిపేరులోనే నాలుగు రాళ్లు వెనకేసుకున్న కుటుంబం ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటాను. ఆ సంగతి వాళ్లలో ఎవరికీ తెలియదు పాపం, తెలుగు రాదు కదా.

భౌగోళిక విస్తరణ సంగతి చూద్దాం. ఎక్కువమంది పుట్టినచోటే, నార్తంబర్లాండ్, డర్హం చుట్టుపక్కలే ఉండిపోయారు. ఒక శాఖ కొండలు దాటి కంబర్లాండులోని కిర్క్‌ఆస్వాల్డ్ చేరింది. ఆ శాఖలోని సర్ టిమోతీ, రాజు పక్షాన యుద్ధానికి వెళ్లి, విగన్ దగ్గర పట్టుబడి, 1651లో చెస్టర్‌లో తల పోగొట్టుకున్నాడు. పేరు మాత్రం పోలేదు. ఇంకో శాఖ సముద్రం దాటి ఐర్లండు వెళ్లింది. దారిలో బరువనిపించిందేమో, తోకలోని చదును నేలను సముద్రంలో పారేసి వట్టి 'ఫెదర్‌స్టన్' అయింది. లాంగ్‌ఫర్డ్ జిల్లా ఆర్దాలో ఉండే ఆ కుటుంబం ఇంటిని చూసి, కుర్రతనంలో ఉన్న ఆలివర్ గోల్డ్‌స్మిత్ పూటకూళ్ల ఇల్లనుకుని భోజనానికి ఆర్డరిచ్చాడని చెప్పుకుంటారు. పెద్దయ్యాక దాన్నే నాటకంగా మలిచాడు. తోక లేని ఫెదర్‌స్టోన్లు ఇంగ్లండు నిండా కనిపిస్తారు, కానీ అందరినీ వీళ్ల జ్ఞాతులనుకుని మైల పట్టకూడదు. యార్క్‌షైర్‌లో ఒక ఫెదర్‌స్టోన్ ఉంది, స్టాఫర్డ్‌షైర్‌లో ఇంకొకటుంది. రాళ్లున్న ఊరు ఒక్కటే ఉంటుందా?

ఉచ్చారణ దగ్గరకొస్తే నా మతి పోయింది. కొందరు ఫాన్‌షా అంటారు. కొందరు ఫెస్టన్‌హా. ఫీసన్‌హే అనేవాళ్లు కూడా ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు పలికేవాళ్లూ ఉన్నారు, ఆ మర్యాదస్తులెవరూ నాకు క్లయింట్లు కాలేదు. పదిహేడు అక్షరాల్లోంచి 'ఫాన్‌షా' ఏ సంధి ప్రకారం వచ్చిందో ఎంత ఆలోచించినా తెలియలేదు. చిన్నయసూరి గారిని అడిగితే 'బహుళంబుగా నగు' అని సూత్రం రాసేసి తప్పుకునేవారు. ఇది చాలదన్నట్టు ఫాన్‌షా అని రాసి ఫాన్‌షా అనే పలికే కుటుంబం వేరే ఉంది. వాళ్లది డెర్బీషైర్, వీళ్లకు చుట్టాలు కారు. అంటే ఇంగ్లండులో ఎవరైనా "నా పేరు ఫాన్‌షా" అంటే, ఆ మనిషి ఎవరో తెలుసుకోవడానికి కాగితం, కలం ఇవ్వాలి. ఇలాంటి దేశం వాళ్లు వచ్చి మన రాజమహేంద్రవరాన్ని నోరు తిరగక రాజమండ్రి చేశారని మనం ఇన్నాళ్లూ నొచ్చుకున్నాం. సొంత పేరునే నమిలేసే వాళ్లు, రాజమండ్రిలో నాలుగక్షరాలు మిగల్చడం మన మీద గౌరవమే.

సరైన ఉచ్చారణకు పాత సాక్ష్యం దొరుకుతుందేమోనని జానపద సాహిత్యంలోకి వెళ్లాను. దొరికింది. ఆల్బనీ ఫెదర్‌స్టన్‌హా అనే పెద్దమనిషి మీద రిడ్లీలు, థర్ల్‌వాల్‌లు కలిసి దాడి చేసిన ముఠా కక్షల పాట ఒకటుంది. అందులో అంత్యప్రాస చక్కగా 'హా' మీద కుదురుతుంది. సర్ వాల్టర్ స్కాట్ అంతటివాడు దాన్ని నెత్తిన పెట్టుకుని 1808లో తన కావ్యానికి రాసుకున్న నోట్సులో అచ్చు వేశాడు. పాట పంపింది డర్హం చరిత్రకారుడు రాబర్ట్ సర్టీస్. గనుల ప్రాంతంలో ఎనభై ఏళ్ల ముసలమ్మ పాడగా రాసుకున్నదని చెప్పాడు. ఆయన పోయాక తేలిందేమిటంటే, ముసలమ్మా లేదు, పాటా లేదు. మొత్తం సర్టీస్ గారే కూర్చుని అల్లారు. ఆ పేరును ఎలా పలకాలో తెలిపే అందమైన సాక్ష్యం కూడా దొంగదే అయింది. ప్రాస మాత్రం బాగుంది, కాదనను.

అసలు కథ దక్షిణాన ఉంది. న్యూకాసిల్‌లో పుట్టిన మాథ్యూ ఫెదర్‌స్టన్‌హాకు 1746లో సర్ హెన్రీ అనే దూరపు బంధువు ఆస్తి కలిసొచ్చింది. ఆ ఏడు తర్వాతి ఏడు, అంటే 1747లో, ఆయన తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే బారొనెట్ బిరుదు తెచ్చుకుని, సస్సెక్స్‌లో అప్‌పార్క్ అనే బంగళా కొన్నాడు. అలా నార్తంబర్లాండ్ నాలుగు రాళ్లు దేశం ఈ చివరికొచ్చి పడ్డాయి. ఆయన కొడుకు సర్ హ్యారీ. పడుచుతనంలో ఈయన ఎమ్మా అనే పదహారేళ్ల పిల్లను తెచ్చి ఇంట్లో పెట్టుకుని, ఆమె గర్భవతి అయ్యాక పంపించేశాడు. ఆమే తర్వాత లేడీ హామిల్టన్, నౌకాసేనాని నెల్సన్ ప్రేయసిగా లోకమంతా తెలిసింది. సర్ హ్యారీ పెళ్లి మాట లేకుండా డెబ్బయ్యో పడిలో పడ్డాడు.

అప్పుడు ఆయన చెవిన ఒక పాట పడింది. పాడింది ఆ ఇంటి పాలు, వెన్న చూసుకునే మేరీ ఆన్. ఆమె ఇంటిపేరు బుల్లక్, అంటే ఎద్దు. పాడి చూసుకునే పిల్లకు ఎద్దు ఇంటిపేరు నేను పెట్టలేదు, రికార్డుల్లోనే ఉంది. ముసలాయన వెళ్లి పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. పిల్ల నోట మాట రాలేదు. "ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఇష్టమైతే ఇవాళ నా భోజనానికొచ్చే గొర్రె తొడలోంచి ఒక ముక్క కోసి పంపు" అన్నాడని ఆ ఇంట్లో చెప్పుకునే కథ. భోజనం వేళకు తొడ వచ్చింది. ముక్క కోసి ఉంది. మనం తాంబూలాలు పుచ్చుకుంటాం, అక్కడ ఆ పళ్లెంలో ఖాళీ అయిన చోటే నిశ్చితార్థం. 1825లో పెళ్లయింది. వరుడికి డెబ్బై దాటాయి, వధువుకు ఇరవై చిల్లర. చదువూ మర్యాదా నేర్చుకురమ్మని ఆమెను పారిస్ కూడా పంపాడు. కొన్నాళ్లకు ఎస్టేటు కాపలాదారుతో "వెధవపని చేశానోయ్" అన్నాడని కూడా అంటారు. మొగుళ్లన్నాక ఎప్పుడో ఒకప్పుడు అంటారు, దాన్ని చరిత్రగా తీసుకోకూడదు.

1846లో సర్ హ్యారీ పోయాడు. పిల్లలు లేరు, బారొనెట్ బిరుదు అక్కడితో ఆగిపోయింది. ఇల్లూ పొలాలూ మొత్తం మేరీ ఆన్ పేర రాశాడు. 1870ల్లో ఆమె కూడా పోతూ అన్నీ చెల్లెలు ఫ్రాన్సెస్‌కు ఇచ్చింది. చెల్లెలు బుల్లక్ అనే పేరు విడిచి ఫెదర్‌స్టన్‌హా అయింది. గమనించండి. ఈ పెళ్లికాని చెల్లెలికి ఆ వంశంతో ఉన్న సంబంధం, అక్కగారి మొగుడు. అంతే. నవలాకారుడు హెచ్.జి. వెల్స్ వాళ్లమ్మ 1880 నుంచి హౌస్‌కీపరుగా పనిచేసింది ఈ అమ్మగారి దగ్గరే. 1895లో ఈవిడా పోతే ఆస్తి టర్నర్ అనే కల్నల్ చేతికొచ్చింది, ఆయన టర్నర్-ఫెదర్‌స్టన్‌హా అయ్యాడు. ఆయన తర్వాత 1930ల్లో మీడ్ అనే అడ్మిరల్ వచ్చి మీడ్-ఫెదర్‌స్టన్‌హా అయ్యాడు. ఇల్లు కావాలంటే పేరు తగిలించుకోవాలని వీలునామాలో షరతు రాయడం అక్కడి పెద్ద కుటుంబాల్లో మామూలే. మనకు ఇల్లరికం వెళ్లే అల్లుడు కూడా సొంత ఇంటిపేరు చంకన పెట్టుకునే వెళ్తాడు. వాళ్లకు అల్లుడవ్వాల్సిన పని కూడా లేదు. 1989లో కప్పు రిపేరు పూర్తి కావొస్తుండగా నిప్పంటుకుని అప్‌పార్క్ పైనుంచి కిందికి తగలబడింది. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్లు అచ్చం పాతదానిలాగే మళ్లీ కట్టి 1995లో తెరిచారు. మనుషులు అప్పటికే మారిపోయారు, ఇక కప్పు కూడా కొత్తదే.

ఇక్కడ ఒక చిన్న తారీఖుల పట్టిక గుర్తొచ్చి, భోజనం సయించలేదు. అప్‌పార్క్‌లో పాలపిల్ల అమ్మగారి ఏలుబడి సాగుతున్న రోజుల్లోనే, 1853లో, ఝాన్సీ రాజు గంగాధరరావు మంచం పట్టాడు. చనిపోయే ముందురోజు కంపెనీ అధికారి కళ్లముందే ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకున్నాడు. ఆనందరావు అనే ఆ పిల్లవాడు శాస్త్రోక్తంగా దామోదరరావు అయ్యాడు. వాడు తమ నెవాల్కర్ వంశంలోని జ్ఞాతుల పిల్లవాడే. డల్హౌసీ ప్రభువు ఆలోచించి, దత్తత చెల్లదు, రాజ్యం మాది అన్నాడు. అంతకుముందు 1848లో సతారాకూ అదే తీర్పు. నాగపూరుకూ అంతే. పేరు మార్చుకున్నంత మాత్రాన వారసులైపోతారా అని కంపెనీ వారి ధర్మసందేహం. రాణీగారు ఎన్ని అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. ఇంకో ఇరవై ఏళ్లు ఓపిక పట్టి ఉంటే సస్సెక్స్ నుంచి మంచి ఉదాహరణ దొరికేది. 'అయ్యా, మా పిల్లవాడు ఎద్దు ఇంటిపేరు వాడు కాదు, నెవాల్కర్ల వాడే' అని ఒక వాక్యం చేర్చి ఉండొచ్చు.

పేరు మీద ఇంత భక్తి ఉన్న జాతిలో, దాని బరువు నిజంగా తెలిసిన మనిషి ఒక్కడే నాకు కనిపించాడు. జార్జ్ విలియం ఫెదర్‌స్టన్‌హా. ఈయన తన పేరులో ఒక 'ఇ' తగ్గించి రాసేవాడు, పదహారక్షరాలే. అమెరికా వెళ్లి రైలు మార్గం వేయించాలని తిరిగాడు, 1834లో ఆ దేశ ప్రభుత్వానికి మొట్టమొదటి భూగర్భ శాస్త్రవేత్త అయ్యాడు. ముసలితనంలో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవులో బ్రిటిష్ కాన్సల్‌గా కుదురుకున్నాడు. 1848 ఫిబ్రవరిలో పారిస్‌లో తిరుగుబాటు వచ్చి రాజు లూయీ ఫిలిప్ సింహాసనం దిగి పారిపోయాడు. దొరికితే ఏమవుతుందో తెలియదు. వారం పాటు దాక్కుని తిరిగాడు. ఆయన్ని ఓడ ఎక్కించే పని కాన్సల్ మీద పడింది.

రాజుగారి బుగ్గమీసాలు తీయించేశారు. పెద్ద కళ్లద్దాలు తగిలించారు. దొంగ పాస్‌పోర్టు తయారైంది. పేరు ఏం పెట్టాలి? తన ఇంటిపేరు పెట్టి నా చుట్టమే అనొచ్చు, సహజంగానే ఉంటుంది. కానీ చీకట్లో, రేవులో, పోలీసుల మధ్య రాజుగారు పదహారక్షరాలు ఒప్పజెప్పాలి. కాన్సల్ గారు రెండో ఆలోచన లేకుండా 'విలియం స్మిత్' అని పెట్టించారు. స్మిత్ అంటే కమ్మరి. ఇంగ్లండులో రాయి విసిరితే స్మిత్‌కే తగులుతుంది.

మార్చి 2 సాయంత్రం పడవ దిగిన ముసలాయన్ని, గట్టు మీద నిలబడ్డ కాన్సల్ "అంకుల్, బాగున్నారా?" అని పలకరించాడు. ఇంగ్లీషువాళ్లకు బాబాయి అయినా మామయ్య అయినా అంకులే. ఇంటిపేరు కలవలేదు కాబట్టి మేనమామ అనుకోవాలి మనం. "బాగున్నానోయ్ జార్జ్" అన్నాడు ఫ్రాన్స్ మహారాజు. మర్నాడు ఓడ న్యూహావెన్ చేరింది. రాజూ రాణీ బ్రిడ్జ్ ఇన్ అనే సత్రంలో స్మిత్ దంపతులుగా దిగారు. సత్రం వాళ్లు స్పెల్లింగ్ అడిగినట్టు ఎక్కడా దాఖలా లేదు.