స్వాల్‌బార్డ్: ఎవరైనా రావచ్చు, ఎవరూ ఉండిపోకూడదు

‘ఈ ఊళ్లో చనిపోవడం నేరం’ అంటూ యూట్యూబ్‌లో వీడియోలు తిరుగుతూనే ఉంటాయి. ఆ ఊరు లాంగియర్‌బైన్. నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో అన్నిటికంటే పెద్ద ఊరు. అక్కడ అలాంటి చట్టమేదీ లేదు. నిజం ఏమిటంటే, శవపేటికతో పూడ్చే పద్ధతిని దశాబ్దాల కిందటే ఆపేశారు. ఆ నేల లోపల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పైపొర కరుగుతూ, చలికాలంలో బిగుసుకుంటూ లోపలున్నదాన్ని మెల్లమెల్లగా పైకి నెట్టేస్తుంది. దహనం చేశాక అస్థికల పాత్రను అనుమతి తీసుకుని అక్కడే పూడ్చుకోవచ్చు.

చావు గురించిన ఈ కబుర్ల సందడిలో, అక్కడ బతికేవాళ్ల సంగతి ఎవరికీ పట్టడం లేదు. మాట్లాడుకోవాల్సింది నిజానికి దాని గురించే.

లాంగియర్‌బైన్‌లో సుమారు 2,500 మంది ఉంటారు. యాభైకి పైగా దేశాల వాళ్లున్నారు. మూడో వంతుకు పైగా విదేశీయులే. థాయిలాండ్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ల సంఖ్య బాగానే ఉంటుంది. హోటళ్లలో వంట, గదుల శుభ్రం, దుకాణాల్లో పని చాలావరకు విదేశాల నుంచి వచ్చినవాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి. అక్టోబర్ ఆఖర్లో అస్తమించిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మధ్యలో గానీ ఉదయించడు. చుట్టూ కొండలు కావడంతో ఊళ్లోకి ఎండ రావడానికి మరికొన్ని వారాలు పడుతుంది. మార్చి 8న పిల్లాపెద్దా అంతా పాత ఆసుపత్రి మెట్ల దగ్గర గుమిగూడి, మొదటి కిరణం ఆ మెట్ల మీద పడేదాకా ఎదురుచూస్తారు. ఊరు దాటి వెళ్లాలంటే ధ్రువపు ఎలుగుబంట్ల భయం, అందుకే తుపాకీ వెంట ఉంటుంది. నీళ్ల పైపులు, వేడినీటి పైపులు నేలలో పాతరు, పైనే వేస్తారు. ఇళ్లు గుంజల మీద నిలబడి ఉంటాయి. హోటల్ గుమ్మంలోనే చెప్పులు విప్పించే అలవాటు మాత్రం మన ఇళ్లలాగే ఉంటుంది. గనుల కాలంలో బూట్లకు అంటిన బొగ్గు మసి ఇళ్లలోకి రాకుండా మొదలైన పద్ధతి అది.

ఇలాంటి ఊళ్లో ఒక కుటుంబం కుదురుకుంటే ఏమవుతుంది? ఆసుపత్రి చిన్నది, ప్రసవాలు చేసే ఏర్పాటు లేదు. నెలలు నిండుతుంటే గర్భిణి కొన్ని వారాల ముందే విమానమెక్కి నార్వేకి వెళ్లాలి. వృద్ధాశ్రమం లేదు. తన ఖర్చు తాను భరించుకోలేని మనిషిని గవర్నర్ పంపించేయవచ్చు. ఇళ్లలో ఎక్కువ భాగం ప్రభుత్వానివో కంపెనీలవో కాబట్టి ఉద్యోగంతోపాటే ఇల్లూ పోతుంది. పుట్టుక నుంచి చావుదాకా ఉండే ఊరిగా దీన్ని తయారుచేసే ఉద్దేశం లేదని నార్వే ప్రభుత్వం దాచుకోకుండానే చెబుతుంది. ఇంత దూరంలో, ఇంత చలిలో అన్ని వసతులూ పెట్టడం కష్టమే. ఆ వాదనలో న్యాయముంది.

న్యాయం లేనిది 2022లో జరిగింది. స్థానిక మండలి ఎన్నికల్లో విదేశీయులు ఓటు వేయాలన్నా, పోటీ చేయాలన్నా అంతకుముందు నార్వే ప్రధాన భూభాగంలో మూడేళ్లు నివసించి ఉండాలని నిబంధన మార్చారు. అప్పటిదాకా స్వాల్‌బార్డ్‌లో గడిపిన కాలం లెక్కలోకి వచ్చేది. ఏళ్ల తరబడి అక్కడే పనిచేసి, పిల్లల్ని అక్కడి బడికే పంపుతున్నవాళ్ల ఓటు దాంతో పోయింది. 2023 ఎన్నికలు వాళ్లు లేకుండానే జరిగిపోయాయి.

నార్వే చెప్పే కారణం సార్వభౌమత్వం, భద్రత. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో కుదిరిన ఒప్పందం స్వాల్‌బార్డ్‌ను నార్వేకి అప్పగించింది. అయితే సంతకం చేసిన దేశాల పౌరులందరికీ అక్కడ వేట, చేపలు పట్టడం, గనులు, వ్యాపారం విషయంలో సమాన హక్కులిచ్చింది. ఆ హక్కుతోనే రష్యా బారెంట్స్‌బర్గ్‌లో బొగ్గు గని నడుపుతోంది. చైనాకూ పరిశోధన కేంద్రం ఉంది. లాంగియర్‌బైన్ పక్కనున్న కొండ మీది ఉపగ్రహ కేంద్రంలో వందకు పైగా యాంటెన్నాలున్నాయి. ధ్రువకక్ష్యలో తిరిగే ఉపగ్రహాలతో ప్రతి చుట్టులోనూ మాట్లాడగలిగే చోటు అది. 2022 జనవరిలో ఈ దీవుల్ని ప్రధాన భూభాగంతో కలిపే రెండు సముద్రగర్భ కేబుళ్లలో ఒకటి దెబ్బతింది. ఆ తర్వాత నెలకే ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. నార్వే రాజధాని ఓస్లోలో కూర్చున్నవాళ్లకు టెన్షన్ ఉండటం సహజం.

కానీ స్థానిక మండలి చేతిలో సైన్యం లేదు, విదేశాంగం లేదు, పోలీసులూ లేరు. అవన్నీ ఓస్లో చేతిలోనూ, ఓస్లో నియమించే గవర్నర్ చేతిలోనూ ఉన్నాయి. మండలి చూసుకునేది నీళ్లు, కరెంటు, బడి, రోడ్ల మీద మంచు తీయించడం. గదులు శుభ్రం చేసే మనిషి నీటి పన్ను మీద ఓటేస్తే నార్వే సార్వభౌమత్వానికి వచ్చే ముప్పేమిటో నాకు అర్థం కాదు.

అక్కడి బతుకు తలకిందులవుతున్న కాలంలో ఓటు తీసేయడం ఇంకా బాధ కలిగిస్తుంది. భూమ్మీద అతి వేగంగా వేడెక్కుతున్న ప్రాంతాల్లో స్వాల్‌బార్డ్ ఒకటి. 2015 డిసెంబర్ 19న ఊరిని ఆనుకుని ఉన్న కొండ మీంచి మంచు చరియ విరిగి పడి, పదకొండు ఇళ్లను పునాదుల మీంచి లేపుకుపోయింది. ఒకాయన, ఒక చిన్నపాప చనిపోయారు. ఆ తర్వాత కొండ కింది ఇళ్లు చాలా కూల్చేశారు. చలికాలంలో మంచు పడాల్సిన రోజుల్లో వాన పడుతోంది. ఆ వాన నేల మీద గడ్డకట్టి కూర్చుంటే, దాని కింద మేత అందక రెయిన్‌డీర్లు ఆకలితో చస్తాయి. ఊరికి వెలుగూ వేడీ ఇచ్చిన బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2023 అక్టోబర్‌లో మూసి డీజిల్‌కి మారారు. 1906లో జాన్ లాంగియర్ అనే అమెరికన్ మొదలుపెట్టిన బొగ్గు ఊళ్లో నార్వే ఆఖరి బొగ్గు గని 2025లో మూతపడింది. డీజిల్ కరెంటు ఖర్చును ఎవరి బిల్లులో ఎంత వేయాలి, కూల్చిన ఇళ్ల బదులు కొత్తవి ఎక్కడ కట్టాలి అనే చర్చ మండలిలోనే జరుగుతుంది. ఆ బిల్లు కట్టేవాళ్లలో చాలామందికి అక్కడ గొంతు లేదు.

ఇదంతా మనకెందుకు అనుకోనక్కర్లేదు. 1920 ఒప్పందంలో బ్రిటిష్ పాలనలోని భారతదేశం కూడా పక్షమే. కాబట్టి కాకినాడ కుర్రాడికీ అక్కడ ఉండి పనిచేసుకునే హక్కు ఉంది, స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదు. కాకపోతే దారి నార్వే మీదుగానే కనుక షెంజెన్ వీసా లేకుండా చేరలేడు. స్వాల్‌బార్డ్‌లోనే నీ-ఆలెసుండ్ అనే చోట 2008 నుంచి మన ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రం ఉంది. 2023 డిసెంబర్ నుంచి చలికాలంలోనూ మన శాస్త్రవేత్తలు అక్కడ ఉండి పనిచేయడం మొదలుపెట్టారు. లాంగియర్‌బైన్ దగ్గర కొండను తొలిచి కట్టిన ప్రపంచ విత్తన నిధిలో మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు భద్రంగా ఉన్నాయి. ఇలాంటి నిల్వ ఎందుకు కావాలో సిరియా యుద్ధం చూపించింది. అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం అందుబాటులో లేకుండా పోతే, 2015లో దాన్ని నడిపే సంస్థ ఈ నిధిలో దాచుకున్న విత్తనాలనే తిరిగి తీసుకుని సాగు మొదలుపెట్టింది.

విత్తనాలకీ, యాంటెన్నాలకీ, ప్రయోగశాలలకీ స్వాల్‌బార్డ్ కావాలి. వాటిని నడపడానికి వచ్చేవాళ్లకు వండిపెట్టి, దారిలో మంచు తవ్వి, గది వెచ్చగా ఉంచే మనుషులూ కావాలి. వాళ్లు అవసరమైనంత కాలం ఉండి, ఏమీ అడగకుండా వెళ్లిపోవాలి అనుకోవడం ఏ దేశానికైనా తగనిది. నార్వేకి మరీ తగనిది. ఎందుకంటే తన ప్రధాన భూభాగంలో మూడేళ్లు ఉన్న విదేశీయుడికి స్థానిక ఎన్నికల్లో అదే నార్వే ఓటిస్తుంది.

వృద్ధాశ్రమమో, ప్రసూతి వార్డో కట్టమని అడగడం లేదు. లాంగియర్‌బైన్‌లోనే గడిపిన మూడేళ్లను మళ్లీ లెక్కలోకి తీసుకుంటే చాలు. ఒప్పందంలో పక్షంగా, 2013 నుంచి ఆర్కిటిక్ దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ కౌన్సిల్‌లో పరిశీలక దేశంగా భారత్ ఈ మాట నార్వేతో చెప్పవచ్చు. అక్కడి మండలికి తర్వాతి ఎన్నికలు 2027లో.