మా సిస్టానికి దొర వేషం

మా ఇంట్లో కంప్యూటర్‌కు విండోస్ 11 వచ్చింది. అంటే నిజంగా రాలేదు, వచ్చినట్టు కనిపిస్తోంది. ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగేవాళ్ళు తిరుపతిలో నిన్నో మొన్నో దిగినవాళ్ళయి ఉండాలి.

2022 ఏప్రిల్ 3 రాత్రి మేం చిత్తూరు జిల్లాలో పడుకుని మర్నాడు తిరుపతి జిల్లాలో నిద్రలేచాం. ఇల్లు కదల్లేదు, కుళాయి కదల్లేదు, కుళాయిలో నీళ్ళొచ్చే టైమూ కదల్లేదు. అయినా అది పెద్ద మార్పేనని అందరం ఒప్పుకున్నాం. జిల్లాకు చెల్లిన న్యాయం సీపీయూ డబ్బాకు ఎందుకు చెల్లదో పెద్దలెవరైనా నాకు విడమరిచి చెప్పాలి.

మా సిస్టం 2012లో కొన్నది. రెండో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, విండోస్ 7. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు పండక్కి వచ్చినప్పుడల్లా దాని వంక ఐసీయూలో పేషెంటును చూసినట్టు చూస్తాడు. "మామా, విండోస్ 7కు 2020 జనవరి 14తోనే సపోర్ట్ అయిపోయింది. క్రోమ్ కూడా 109 దగ్గరే ఆగిపోయింది. ఇందులో బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం కొట్టొద్దు" అంటాడు. సరే, విండోస్ 11 వేసి పో రా అంటే దానికి అర్హతలున్నాయట. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి లెక్క. టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలి. సెక్యూర్ బూట్ ఉండాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు. ఈ చివరి రెంటిలో మావాడు పాసయ్యాడు. కానీ ఎనిమిదో తరంవాళ్ళ పంక్తిలో రెండో తరంవాడికి విస్తరి వేయరు.

విస్తరి వేయకపోతేనేం, ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళి కూర్చుంటే లేపేదెవరు?

ఇక్కడ మా ఊరి సంప్రదాయం ఒకటి గుర్తు చేయాలి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ వారమంతా వేషాలే. మెలేసిన మీసాలవాళ్ళు పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని గుడికి నడుస్తారు. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి పట్టుకోవడానికి అమ్మవారే వేషాలు మార్చుకుంటూ తిరిగిందని, దొర వేషంలో ఉండగా వాడు బయటికొచ్చి చిక్కాడని కథ. అమ్మవారు వేసిన వేషాన్ని మోసమనే ధైర్యం మా మేనల్లుడికి కూడా లేదు. కాబట్టి మా సిస్టానికీ దొర వేషమే వేయాలని తీర్మానించాను.

ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. 2007లో విండోస్ విస్టా బజారులోకి వచ్చినప్పుడు, అంతకు ముందుదైన విండోస్ ఎక్స్‌పీ వాళ్ళు ఇదే పని చేశారు. కంపెనీ సంతకం లేని థీమును ఎక్స్‌పీ గడప తొక్కనిచ్చేది కాదు. అందుకని యుఎక్స్‌థీమ్ అనే ఫైలును మార్చేసి, అంటే వాచ్‌మన్‌ను మచ్చిక చేసుకుని, విస్టా అద్దాలూ మెరుపులూ లోపలికి చేరవేసేవాళ్ళు. తమాషా ఏమిటంటే, అదే రోజుల్లో డబ్బు పోసి అసలు విస్టా కొన్నవాళ్ళలో కొందరు అది నత్తలా పాకుతోందని ఆ అద్దాలూ మెరుపులూ పీకేసి పాత రూపానికి మార్చుకునేవాళ్ళు.

సరే, మన పని. మొదట వాల్‌పేపర్. నీలం రంగులో మడతలు మడతలుగా ఒక పువ్వు ఉంటుంది, దాన్ని పెట్టాను. మా ఆవిడ చూసి, "ఆ చీర ఎవరిదండీ, మడత కూడా సరిగ్గా పెట్టలేదు" అంది. తర్వాత ఏదో సైటు నుంచి తెర రూపం మార్చే స్కిన్ ప్యాక్ దించాను. దాంతోపాటు పెళ్ళికి పిలవని చుట్టాల్లాగా ఇంకో మూడు ప్రోగ్రాములు దిగాయి. వాటిలో ఒకటి నా హోం పేజీలో కాపురం పెట్టేసింది, ఇంకా ఖాళీ చేయలేదు.

అసలు కష్టం టాస్క్‌బార్ దగ్గరే. విండోస్ 11లో ఐకాన్లు మధ్యలో ఉంటాయి, 7లో ఎడమ పక్క. దీనికో చిట్కా ఉంది. టాస్క్‌బార్ తాళం తీసి, ఖాళీ ఫోల్డర్ ఒకదాన్ని కొత్త టూల్‌బార్‌గా చేర్చి, దాన్ని ఎడమ చివరకు లాగాలి. అప్పుడు ఐకాన్లు మధ్యకు జరుగుతాయి. ఆ ఫోల్డర్ పేరు కనబడకుండా చేసి మళ్ళీ తాళం వేయాలి. ఖాళీ సంచీని సీట్లో పెట్టి చోటు ఆపుకోవడం తిరుపతి బస్టాండులో పెరిగినవాడికి ఒకరు నేర్పాలా! స్కేలు పెట్టి కొలిచి, సరిగ్గా మధ్యన నిలబెట్టాను. ఇంకో రెండు ప్రోగ్రాములు తెరవగానే వరస కుడిపక్కకు సాగిపోయి మధ్య కాస్తా ఎటో పోయింది. స్టార్ట్ బటన్ మాత్రం ఏం చేసినా మూలన్నే కూర్చుంది, శుభలేఖలో పేరు వేయలేదని అలిగిన పెదనాన్నలాగా.

మూలలు గుండ్రంగా చేశాను. కిటికీలకు నీడలు వేశాను. వాతావరణం చెప్పే బిళ్ళ ఒకటి తగిలించాను. బయట ఎండ 41 డిగ్రీలని అది చెప్పేలోపు సీపీయూ ఫ్యాను పిండిమరలా మోగి, గదిలో వేడిని ఇంకో రెండు డిగ్రీలు పెంచింది.

ఆ వారమే 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం పొద్దున 10కి కూర్చున్నాను. బ్రౌజరు అద్దంలా మెరిసి, నీడ పరుచుకుని, మూలలు సర్దుకుని తెరుచుకునేసరికి 10 గంటల 6 నిమిషాలు. కావాల్సిన తేదీకి టికెట్లు అయిపోయాయి. శ్రీవారి టికెట్లు అయిపోవడానికి ఆ ఆరు నిమిషాలు కూడా అక్కర్లేదు కాబట్టి తప్పంతా సిస్టందేనంటే నేనొప్పుకోను. మా ఆవిడ వాదన వేరు. "మొహానికి పౌడరేస్తే మోకాళ్ళ నొప్పి పోతుందా?" అంది. ఆమెకు టెక్నాలజీ తెలియదు.

పండక్కి మేనల్లుడు వచ్చాడు. తెర చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం నా జీవితంలో మంచి క్షణాల్లో ఒకటి. తర్వాత ఏమీ మాట్లాడకుండా కీబోర్డు ముందుకు లాక్కుని 'విన్‌వర్' అని కొట్టి ఎంటర్ నొక్కాడు. చిన్న పెట్టె తెరుచుకుంది. విండోస్ 7, వెర్షన్ 6.1, సర్వీస్ ప్యాక్ 1.

"ఏంది మామా ఇది" అన్నాడు.

పేరు 7 అయితే లోపల 6.1 ఏమిట్రా అని అడిగాను. అది లోపలి లెక్క మామా, అలాగే ఉంటుందన్నాడు. అయితే నీ కొత్త ల్యాప్‌టాప్‌ది కూడా చూద్దాం పట్రా అన్నాను. నల్లతెర తెరిచి 'వెర్' అని కొట్టించాను. 10.0 అని వచ్చింది, వెనకాల ఏదో పొడుగాటి నంబరు. పేరు 11, ఒళ్ళు 10! నావాడిదే వేషమైతే వీడిది మాత్రం జాతకమా? మేనల్లుడు వివరించబోయాడు. బొబ్బట్లు చల్లారిపోతున్నాయని వాళ్ళత్త పిలవడంతో ఆ వివరణ నాకు దక్కలేదు.

ఇంతలో పక్కింటి రిటైర్డ్ లెక్చరర్ గారు కొత్త ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చారు. కొడుకు కొనిచ్చాడు, నిజమైన విండోస్ 11. "ఏం లేదు సామీ, ఆ స్టార్ట్ బటన్‌ను మళ్ళీ ఎడమపక్కకు తెచ్చిపెట్టండి. పాత మెనూ ఉండేది చూడండి, విండోస్ 7లో, అది కూడా వేసిపెడితే మీకు పుణ్యముంటుంది" అన్నారు. బటన్ జరపడం సెట్టింగ్స్‌లో ఒక్క నిమిషం పని. పాత మెనూకు ఓపెన్ షెల్ అనే ప్రోగ్రాం వేస్తే సరిపోయింది. ఆయన మొహం వెలిగింది.

వెళ్ళబోతూ ఆయన చూపు నా తెర మీద పడింది. నీలం పువ్వు, మధ్యలో ఐకాన్లు, గుండ్రటి మూలలు.

"మీకూ 11 వేసేశారా సామీ? ఎట్లా వేగుతున్నారో ఏమో" అన్నారు జాలిగా.

"ఏదో అలా అలవాటు చేసుకుంటున్నా సామీ" అన్నాను.