గొంతు పోగొట్టే గాత్ర పాఠం

ప్రాక్టికల్ పరీక్షల రోజుల్లో ఏ సంగీత కళాశాల వరండాలో నిలబడినా ఇదే కనిపిస్తుంది. మెడకు మఫ్లర్, చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు, బుగ్గన మిరియపు గింజ, పైషడ్జం, అంటే పైస్థాయి ‘స’, అందక దగ్గి మళ్లీ మొదలుపెట్టే పిల్లలు. గొంతు బొంగురుపోయిందంటే ‘కాస్త తేనె నాకి పాడెయ్’ అనే సలహా. మాకు ఒళ్లు మండేది ఇక్కడే.

వయొలిన్ నేర్చుకునేవాళ్లకు తీగ మార్చడం, కమానుకు రోజిన్ రాయడం మొదట్లోనే చూపిస్తారు. గాత్రం విద్యార్థికి మాత్రం తన వాద్యం ఎలా మోగుతుందో ఏళ్లు గడిచినా చాలాచోట్ల ఎవరూ చెప్పరు. ఐదున్నర శ్రుతిని ఆధార స్వరంగా పెట్టుకుని ఒక అమ్మాయి పైషడ్జం పట్టుకుంటే, గొంతులో శబ్దం పుట్టించే స్వరతంత్రులు సెకనుకు 400 సార్లకు పైగా ఒకదానికొకటి తగులుతాయి. అలసిన గొంతుతో రోజూ అదే పని చేయిస్తే అక్కడ అరచేతిలో కాయలు కాసినట్టు బొడిపెలు లేస్తాయి, డాక్టర్లు నాడ్యూల్స్ అనేది వాటినే. మింగిన తేనె, కషాయం పోయేది అన్నవాహికలోకి, స్వరతంత్రులను తాకనే తాకవు, తాకితే పొలమారుతుంది. గాత్రంలో పట్టా ఇచ్చేచోట ఈ మాత్రం చెప్పకపోతే ఎలా?

పాతతరం విద్వాంసులు ఇవన్నీ చదివే పాడారా అంటారు కొందరు. చదవలేదు, నిజమే. కానీ మంచి గురువు శిష్యుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో, ‘ఆ’ అంటూ పాడే అకార సాధన చేయిస్తూ, గొంతు తేడాగా వినిపిస్తే ఆ పూటకు చాలనేవాడు. ఇప్పుడు క్లాసంతటికీ ఒకే శ్రుతి పెట్టి అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి పాడిస్తే ఎవరో ఒకరి గొంతు నలిగి తీరుతుంది.

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పుట్టింది, అదే ఊళ్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అలాంటి చోట ఈఎన్‌టీ డాక్టరు ఏడాదికోసారి వచ్చి పిల్లల గొంతులు చూసి రెండు మాటలు చెప్పడానికి కోట్లు కావాలా? బొంగురు రెండు మూడు వారాలకూ తగ్గకపోతే పరీక్ష చేయించుకోవాలని మొదటి ఏడాదే చెప్పడానికి ఏ జీవో అడ్డం? వీణ తీగ తెగితే కొత్తది వేస్తారు, వయొలిన్ పగిలితే ఇంకోటి కొంటారు, గొంతు పోతే ఎక్కడ తెస్తారు?

తీగ కొనమని ఇండెంట్ మీద సంతకం పెట్టే ప్రిన్సిపాళ్లకు, గొంతు బాగోలేని పిల్లకు పరీక్ష తేదీ మార్చే కాగితం మీద పెట్టడానికి చేయెందుకు రాదు? నేర్పాల్సింది నేర్పకుండా, సాధన చాల్లేదని ఆ పిల్లనే ఫెయిల్ చేస్తున్నారు. ముందు అది మానండి.